మార్జిన్ మీద మూడు వందల కిలోమీటర్లు

తిరుపతి, చిత్తూరు జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ



ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఫైళ్లు వేరయ్యాయి, బోర్డులు మారాయి. సైకిలు మీద పోయేవాళ్లకు మాత్రం అది ఇప్పటికీ ఒకటే దారి. తెల్లవారుజామున తిరుపతిలో బయల్దేరితే చంద్రగిరి, గాదంకి, పాకాల దాకా ఒకరి పరిధి. దామలచెరువు దాటి పూతలపట్టు వైపు వచ్చామంటే ఇంకొకరిది. అక్కణ్నుంచి చిత్తూరు, బంగారుపాళ్యం, మొగిలి ఘాటు, పలమనేరు, పుంగనూరు. మీ ఇద్దరి హద్దూ దాటి మదనపల్లెలో రాత్రి భోజనం. తర్వాత పీలేరు మీదుగా భాకరాపేట ఘాటు దిగి మళ్లీ తిరుపతి. హార్సిలీ కొండ కూడా ఎక్కాల్సిందే అని పట్టుబట్టే మొండివాళ్లు గుంపులో ఉంటే మొత్తం మూడు వందల కిలోమీటర్లు అవుతుంది. మీరు మీ మీ జిల్లాల్లో రోడ్డు భద్రతా కమిటీలకు అధ్యక్షులు. ఈ దారిలో మాకేమవుతుందో, అయినప్పుడు ఎవరు ఆదుకుంటారో, అందులో మీ చేతిలో ఉన్నదేమిటో మీకే చెప్పడం సబబనిపించింది.

మాది సంఘం కాదు, సంస్థ కాదు. బ్యాంకులో పనిచేసే ఒకాయన, బళ్లో లెక్కలు చెప్పే మాస్టారు, నర్సుగా చేసే అమ్మాయి, ఇంజనీరింగు చదివే కుర్రాళ్లు, ఫ్యాన్సీ అంగడి నడిపే మరొకాయన, ఇట్లాంటి వాళ్లం. ఖరీదైన సైకిళ్లెక్కి, బిగుతు బట్టలేసుకొని, సెలవు రోజు సరదాకి తిరిగేవాళ్ల గోడు కలెక్టరుకెందుకు అని ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. నా జవాబు ఇది. తెల్లగీతకు అవతల ఉండే ఆ మీటరు, మీటరున్నర మార్జిన్ మీదే పాల క్యాన్లు కట్టుకొని డెయిరీకి పోయే రైతు తొక్కుతాడు. బడికి పోయే ఆడపిల్లలు అక్కడే తొక్కుతారు. రాత్రి షిఫ్టు దిగి ఇంటికి పోయే ఫ్యాక్టరీ కూలీ అక్కడే. వాళ్లు పడితే దులుపుకొని లేచి పనికి పోతారు, అర్జీ పెట్టరు. మేం ఒక పగలూ ఒక రాత్రీ వరసగా ఆ అంచు మీదే ఉంటాం గనక దాని రోగాలన్నీ ఒక్కసారే కంటబడతాయి. ఉత్తరం రాసే తీరిక కూడా మాకే ఉంది.

ఇలా దూరాలు తొక్కడం మేం కనిపెట్టింది కాదు. 1897లో ఇటలీలో కొందరు సూర్యోదయానికి రోములో బయల్దేరి చీకటి పడేలోగా నేపుల్స్ చేరాలని పందెం లేకుండానే పంతం పట్టారు. ఆ దారిలోనే 1904లో ఫ్రాన్సులో మొదలైన ఆడాక్స్ క్లబ్ పారిసియన్ నేటికీ ప్రపంచమంతటా ఈ ప్రయాణాల లెక్కలు చూస్తోంది. రెండు వందల కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, మూడు వందలు ఇరవై గంటల్లో, నాలుగు వందలు ఇరవై ఏడు గంటల్లో, ఆరు వందలు నలభై గంటల్లో పూర్తి చేయాలి. మొదటి, రెండో స్థానాలుండవు. నాలుగేళ్లకోసారి జరిగే పారిస్–బ్రెస్ట్–పారిస్ ఈ రంగంలో పెద్ద తిరునాళ్ల. 1891లో పందెంగా మొదలైంది. ఇప్పుడు పన్నెండు వందల కిలోమీటర్లను తొంభై గంటల్లోపు చుట్టి రావాలి. 2019లో, 2023లో మన దేశం నుంచి కూడా వందల మంది వెళ్లారు.

ఆ క్లబ్బు తొలిరోజుల్లో అందరూ ఒక కెప్టెను వెనక ఒకే వేగంతో పోవాలనేవారు. 1921 నుంచి ఎవరి వేగం వారిదే అనే పద్ధతి కూడా వచ్చింది. మా గుంపు పగలంతా రెండో పద్ధతి, పొద్దు గూకాక మొదటి పద్ధతి. చీకట్లో ఒంటరిగా వెనకబడితే ఏమవుతుందో ఈ రోడ్డే నేర్పింది మరి.

ఈ ప్రయాణాల్లో ఒక నియమం మీకు చెప్పాలి, ఉత్తరం అసలు సంగతి దాని మీదే నిలబడింది. వెనకాలే కారు పెట్టుకొని, అందులో నీళ్లూ సామానూ వేసుకొని రాకూడదు. ముందే నిర్ణయించిన మజిలీల దగ్గర తప్ప సొంత మనుషుల సాయం తీసుకోకూడదు. తోటి సైకిలు మనిషి సాయం పట్టొచ్చు. దారిలో ఎవరికైనా దొరికే అంగడి సాయం తీసుకోవచ్చు. అంటే టీ కొట్టు, పంచరు షాపు, పెట్రోలు బంకు, చింతచెట్టు కింద పడుకున్న లారీ డ్రైవరు, వీళ్లే మాకు దిక్కు. ఇలాంటి ప్రయాణాల్లో పాల్గొనకుండా మామూలుగా తిరిగే రోజుల్లోనూ మేం ఆ నియమమే పాటిస్తాం, డబ్బు తక్కువ గనక.

గుంపుగా తొక్కడంలో కొంచెం విద్య ఉంది. ముందువాడు గాలిని చీల్చుకుంటూ పోతే వాడి వెనక చక్రానికి దగ్గరగా నడిపేవాడికి శ్రమ పావు వంతుకు పైనే తగ్గుతుంది. అందుకని కొద్ది నిమిషాలకోసారి ముందువాడు పక్కకు తప్పుకొని చివరికి చేరతాడు, రెండోవాడు ముందుకొస్తాడు. ఎదురుగాలిలో పూతలపట్టు నుంచి చిత్తూరు దాకా ఒక్కడే తొక్కినవాడికీ, నలుగురితో వంతులేసుకొని తొక్కినవాడికీ తేడా వాళ్ల మొహాలు చూస్తే తెలుస్తుంది. కానీ దీనికొక ధర ఉంది. వెనకున్నవాడికి ముందు రోడ్డు కనిపించదు, ముందువాడి వీపు కనిపిస్తుంది. కాబట్టి ముందున్నవాడు అందరి కళ్లూ తానే కావాలి. "గుంత!", "కంకర!", "కుక్క ఎడమా!", "బస్సాగతాంది!" అని అరుస్తూ చేత్తో చూపిస్తూ పోవాలి. ఆ అరుపు ఒకరి నుంచి ఒకరికి చివరిదాకా అందాలి. చివర ఎప్పుడూ బాగా తొక్కగలిగినవాణ్నే పెడతాం, నీరసపడ్డవాణ్ని కాదు. చివరివాడి పని ఎవరూ వెనక మిగిలిపోకుండా చూడటం. మా లెక్కల మాస్టారు ఆ స్థానం ఎవరికీ ఇవ్వడు. బళ్లో కూడా వెనక బెంచీల దగ్గరే నిలబడి పాఠం చెబుతాడట.

ఇక ఆపదల సంగతి. అన్నిటికన్నా ఎక్కువ పంచర్లే. పంచరంటే మేకులూ గాజు పెంకులూ అనుకుంటారు. పెద్ద రోడ్డు మీద మా ట్యూబుల్ని తినేది లారీ టైరు పేలినప్పుడు రాలే సన్నటి ఉక్కుతీగ ముక్కలు. వెంట్రుక మందం ఉంటాయి. కంటికి కనపడవు, టైరు లోపల వేలు పెట్టి తడిమితే గుచ్చుకుంటాయి. ఆ తీగ తీయకుండా ట్యూబు మార్చినవాడు అర కిలోమీటరులో మళ్లీ దిగుతాడు. వాహనాల గాలికి ఈ చెత్తంతా మార్జిన్ మీదికి చేరుతుంది. లారీలు నడిచే వరసలు శుభ్రంగా ఉంటాయి, మేం నడిచే అంచు మీద తీగలు, కంకర, పగిలిన సీసాలు. ఊళ్ల పక్కన పల్లేరు కాయలూ తుమ్మ ముళ్లూ అదనం. చిత్తూరు దాటాక ఒకసారి ఒక కుర్రవాడి టైరు పక్కవాటం మొత్తం చీలింది. స్పేరు ట్యూబులున్నాయి గానీ టైరెవరు మోస్తారు? బ్యాంకు ఆయన బిస్కట్ ప్యాకెట్టు కాగితాన్ని నాలుగు మడతలేసి చీలిక లోపల పెట్టాడు. దాని మీద పాత ట్యూబు ముక్క ఒకటి. గాలి సగమే కొట్టి, ఆ కుర్రవాణ్ని గుంపు మధ్యలో పెట్టుకొని పలమనేరు చేరాం. అక్కడ దొరికింది మామూలు సైకిలు టైరు, కొలత కలవలేదు. ఆ బిస్కట్ కాగితమే తిరుపతి దాకా వచ్చింది.

రెండో రకం ఆపద గేర్లది. సైకిలు కుడివైపు పడిందంటే వెనక గేరును పట్టుకొని ఉండే చిన్న అల్యూమినియం కొక్కెం వంగుతుంది, లేదా విరుగుతుంది. అది లేకపోతే గేరూ లేదు, చైనూ నిలవదు. అలాంటప్పుడు చైను కత్తిరించి, గేరును పక్కనపెట్టి, ఒకే పళ్లచక్రం మీద బిగించి, మామూలు సైకిలు చేసుకొని తొక్కాలి. ఇది చేతనైనవాడు గుంపులో ఒక్కడన్నా ఉండాలి. మాలో ఇద్దరున్నారు, ఆ ఇద్దరికీ ఒకరి పని ఒకరికి నచ్చదు. ఒకసారి ఇలా రోడ్డు పక్కన చైను పరిచి వాదించుకుంటుంటే ఎదురుగా పంచరు షాపు పెద్దాయన వచ్చి కాసేపు చూసి, "ఇంత లెక్క పోసి కొన్నారు, దీనికి స్టాండు గుడకా లేదే నాయనా?" అన్నాడు. తర్వాత లోపలికి పోయి సుత్తీ పట్టుకారూ తెచ్చి, చైను పిన్నును రెండు దెబ్బల్లో దించాడు. పుల్లలు బిగించి రిమ్ము బెండు తీసిపెట్టాడు. డబ్బులిస్తే చాయ్‌కి సరిపోయేంత తీసుకొని మిగిలింది వెనక్కిచ్చాడు. అలాంటి షాపులు ఒకప్పుడు ప్రతి ఊరి మొగదల ఉండేవి. ఇప్పుడు మోటారు బళ్ల పంచర్లు వేసేవి ఉన్నాయి గానీ సైకిలు పనిముట్లున్నవి అరుదు. ఉన్నవాటి ముందు కూడా కంప్రెసరు గొట్టం మోటారు వాల్వుకే పడుతుంది. పాత సైకిలు వాల్ ట్యూబుకూ పడదు, మా సన్న వాల్వుకూ పడదు.

పెట్రోలు బంకుల్లో గాలి, తాగునీరు, మరుగుదొడ్డి, ప్రథమ చికిత్స పెట్టె ఉచితంగా ఉండాలని నిబంధన ఉంది. చాలామందికి తెలియదు, తెలిసినా అడగరు. బంకుకొక చేతిపంపు, నాలుగు రకాల వాల్వు బిరడాలు చేర్చమని మీరు ఒక్క మాట అంటే అయ్యే ఖర్చు వెయ్యి, రెండు వేలు మించదు. అది మాకన్నా పాల రైతుకే ఎక్కువ అక్కరకొస్తుంది.

మొగిలి ఘాటు గురించి నేను కొంచెం ఎక్కువ రాస్తాను. చిత్తూరు నుంచి పలమనేరు చేరాలంటే మూడు నాలుగు వందల మీటర్ల ఎత్తు ఎక్కాలి. ఎక్కేటప్పుడు వచ్చే ముప్పు చిన్నది: లారీలు నెమ్మదిగా ఉంటాయి, మేమూ నెమ్మదే. పొగ పీలుస్తూ పోవడమే. దిగేటప్పుడే గండం. 2024 సెప్టెంబరులో అదే ఘాటులో ఆర్టీసీ బస్సూ లారీలూ ఢీకొని ఎంతమంది పోయారో మీకు నేను గుర్తుచేయనక్కర్లేదు. భాకరాపేట ఘాటులో 2022 మార్చిలో నిశ్చితార్థానికి వస్తున్న బస్సు లోయలో పడింది. అంత బరువూ, అన్ని చక్రాలూ ఉన్న బండ్లకే ఆ గతి పట్టినప్పుడు రెండు వేళ్ల మందం టైర్ల మీద పోయేవాళ్లు ఎంత జాగ్రత్తగా ఉండాలి? ఘాటులో మేం వరస విడగొడతాం. ఒకరికీ ఒకరికీ మధ్య కరెంటు స్తంభాల దూరం. బ్రేకు పట్టుకొనే ఉంటే రిమ్ము వేడెక్కుతుంది, కాబట్టి పట్టి వదిలి, పట్టి వదిలి దిగాలి. మలుపుల్లో కంకర ఉంటే పట్టడానికి కూడా లేదు.

మా గుంపులో పెద్ద దెబ్బ తగిలింది మాత్రం ఘాటులో కాదు, సాఫీ రోడ్డు మీద. వరసలో పోతుంటే ముందువాడు దేనికో తటాలున పక్కకు జరిగాడు. వెనకవాడి ముందు చక్రం వాడి వెనక చక్రానికి రాసుకుంది. రాసుకుంటే పడేది ఎప్పుడూ వెనకవాడే. పడినవాడు చెయ్యి చాపి పడ్డాడు, మెడ కింది ఎముక విరిగింది. సైకిలు తొక్కేవాళ్లలో మామూలుగా విరిగే ఎముక అదే. ఆ తర్వాతి పది నిమిషాలు చూస్తే గుంపు ఎలా ఉండాలో తెలుస్తుంది. ఇద్దరు వెనక్కి పరిగెత్తి వచ్చే బండ్లను పక్కకు మళ్లించారు. ఒకడు సైకిళ్లన్నీ రోడ్డు దించాడు. నర్సమ్మ, మేం తనను అలాగే పిలుస్తాం, మనిషిని కదపనీయకుండా, తల పట్టుకొని, పేరూ ఊరూ అడుగుతూ కూర్చుంది. తర్వాత రెండు చేతి గుడ్డలు ముడేసి చేతిని మెడకు వేలాడగట్టింది. 108కి ఫోను చేసింది మాలో ఎవరూ కాదు, అప్పుడే ఆగిన లారీ డ్రైవరు. ఫోను చేసి, అంబులెన్సు కనపడగానే బండెక్కి వెళ్లిపోయాడు. ఎందుకన్నా అంత తొందర అంటే, "పోలీసులొస్తే నా బండే గుద్దిందంటారు సామీ" అన్నాడు.

కలెక్టరు గారూ, ఆ మాట దగ్గర కాస్త ఆగండి. సాయం చేసినవాణ్ని వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షను చేర్చారు: మంచి మనసుతో సాయపడినవాడి మీద కేసు ఉండదు, ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కర్లేదు. గాయపడినవాణ్ని గంటలోపు ఆసుపత్రికి చేర్చినవాళ్లకు కేంద్రం బహుమతి కూడా ఇస్తోంది. ఈ సంగతులు మొగిలిలో టీ తాగే డ్రైవరుకు ఎవరు చెప్పాలి? ఢిల్లీ ప్రకటనలు అంతదూరం రావు. ఘాటుకు ఇటూ అటూ ఉన్న డాబాల గోడల మీద, టోల్‌గేట్ల దగ్గర, తెలుగు, తమిళం, కన్నడం మూడు భాషల్లో నాలుగు వాక్యాలు రాయిస్తే చాలు. ఈ రోడ్డు మీద బండి నడిపేవాళ్లు ఆ మూడు భాషలవాళ్లే.

మావాడు పడ్డచోటే జరిగిన ఒక వాదన చెప్పకుండా ఉండలేను. పోగైనవాళ్లలో ముగ్గురు పెద్దమనుషులు, "ఆసుపత్రేల, నేరుగా పుత్తూరుకు పోండి, కట్టు కట్టించుకోండి" అని ఏకకంఠంగా అన్నారు. పుత్తూరు దగ్గర రాచపాళెం రాజుల కట్టు మీద మన జిల్లావాళ్లకు తరాల నమ్మకం. తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ జనం వస్తారు. పడినవాడు కూడా అటే మొగ్గాడు. ముందు ఎక్స్‌రే, తర్వాత నీ ఇష్టం అని నర్సమ్మ గట్టిగా నిలబడింది. ఎముక లోపలి నరాన్నో నాళాన్నో నొక్కిందేమో చూడకుండా ఏ కట్టైనా ప్రమాదమే అన్నది తన వాదన. నేను తన పక్షమే. ఎక్స్‌రే అయ్యాక వాడు ఏం చేశాడన్నది వాడి సొంత విషయం. ఇప్పుడు మా అందరికన్నా వేగంగా తొక్కుతున్నాడు.

రుతువును బట్టి ఆపదల రంగు మారుతుంది. జూన్, జులై నెలల్లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరతాయి. ధర పడిపోయిన ఏడు ఆ బారు ఇంకా పొడుగు. రైతులు పగలూ రాత్రీ ట్రాక్టరు కిందే పడుకొని వంతు కోసం చూస్తుంటారు. వాళ్లను తప్పుపట్టే నోరు నాకు లేదు. కానీ ఆ బారు నిలిచేది మార్జిన్ మీదే. సైకిలువాడు లారీల వరసలోకి పోవాలి. చితికిన కాయలు పడ్డచోట రోడ్డు సబ్బు నీళ్లు పోసిన బండలా జారుతుంది. ఫ్యాక్టరీకి లోపలే ట్రాక్టర్లు నిలిపే స్థలం చూపమనడం, టోకెను ఇచ్చి వంతు రోజు చెప్పమనడం రైతు నిద్రకీ మంచిది, మా ప్రాణానికీ మంచిది. మదనపల్లె నుంచి పొద్దుగూకాక బయల్దేరే టమోటా లారీల సంగతి వేరు. తెల్లారేలోగా చెన్నై మార్కెట్టు పట్టాలి గనక వాళ్ల తొందర వాళ్లది. ఆ బండ్లొచ్చే వేళకు మేం పీలేరు రోడ్డున ఒకే వరసలో, ఎర్రదీపాలు వెలిగించుకొని, మెరిసే జాకెట్లు తొడుక్కొని పోతుంటాం. జాకెట్టు లేనివాణ్ని రాత్రి ప్రయాణానికి రానివ్వం. పోట్లాటైనా సరే.

నవంబరు, డిసెంబరుల్లో వాన. మన వైపు పెద్ద వానలు పడేది ఈశాన్య రుతుపవనంలోనే, చల్లగా ఉంటుందని సైకిలు మనుషులు బయల్దేరేదీ అప్పుడే. నీళ్లు నిలిచిన గుంత లోతెంతో ముందువాడికి కూడా తెలియదు. మన రోడ్లలో నాకు అన్నిటికన్నా భయం నీళ్లు నిలిచిన గుంతే, లారీ దాని తర్వాత.

వేసవిలో ఎండ దెబ్బ. చెమటతో ఉప్పు పోయి పిక్కలు పట్టేస్తాయి. నీళ్లు తాగుతూనే పడిపోయినవాళ్లున్నారు, ఉప్పు లేని నీళ్లు అవి. ఈ విషయంలో మన దారి అంగళ్లకు దండం పెట్టాలి. ఉప్పేసిన మజ్జిగ, నన్నారి షర్బతు, రాగి సంగటి, శనక్కాయల చట్నీ, వేడి వేడి పొంగణాలు. విదేశాల నుంచి తెప్పించే పొట్లాలకన్నా ఇవి ఏ రకంగానూ తక్కువ కావు. పుంగనూరు దారిలో ఒక అవ్వ రాత్రి కొట్టు కట్టేస్తూ మమ్మల్ని చూసి, "ఈ చీకట్లో యాడికి పోతా ఉండారు, ఎవురన్నా తరుముకుంటా వస్తా ఉండారా?" అని మళ్లీ పొయ్యి వెలిగించింది.

తరిమేవి కుక్కలే. గుంపులో మొదటివాణ్ని చూసి లేస్తాయి, చివరివాణ్ని పట్టుకుంటాయి. వేగం పెంచితే అవీ పెంచుతాయి. దిగి సైకిలును అడ్డం పెట్టుకొని నిలబడితే చాలావరకు వాటికి ఆసక్తి పోతుంది. పలమనేరు అటవీ అంచున కౌండిన్య అభయారణ్యం ఏనుగులున్నాయి. వాటి విషయంలో ఏ విద్యా పనికిరాదు. అటవీ శాఖవాళ్లు పోవద్దన్న రోజు మేం ఆ దారి పోము, అంతే.

ఇవన్నీ నవ్వుతూ చెప్పుకునేవే. ఆడవాళ్లకు మాత్రం నవ్వుతూ చెప్పుకోలేని ఇబ్బంది ఒకటుంది. నర్సమ్మా, తనతో వచ్చే ఇంకో ఇద్దరూ రాత్రి ప్రయాణంలో నీళ్లు తాగడం తగ్గించేస్తారు. ఎందుకో మీకు అర్థమవుతుంది. ఎండలో దాహం ఆపుకోవడం కన్నా ఇది ప్రమాదం, ఎందుకంటే ఎవరితోనూ చెప్పరు. మేం ప్రయాణం వేసేటప్పుడు ఇప్పుడు దూరాలు లెక్కగట్టేది టిఫిను హోటళ్లను బట్టి కాదు, తాళం వేయని మరుగుదొడ్లను బట్టి. బస్టాండుల్లో, బంకుల్లో రాత్రంతా తెరిచి, దీపం వెలిగించి, గొళ్లెం సరిగా పడేవి ముప్పై కిలోమీటర్లకొకటి ఉంటే చాలు. కారులో పోయే కుటుంబాలూ, తిరుమలకు నడిచొచ్చే భక్తులూ దీవిస్తారు.

మధ్యలో మానుకునేవాళ్ల మాట కూడా చెప్పాలి. 1923 అక్టోబరులో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ల మీద ప్రపంచయాత్రకు బయల్దేరారు. 1928లో యాత్ర ముగించి తిరిగొచ్చింది ముగ్గురు, ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా. మిగతా ముగ్గురు దారిలో విడిపోయారు. అందరూ ఆ ముగ్గురి పేర్లే చెప్పుకుంటారు. నాకు మాత్రం మిగతా ముగ్గురి మీదే ధ్యాస: ఎలా విడిపోయారు, ఎవరు ఏమన్నారు, తర్వాత ఏమయ్యారు. మా గుంపులోనూ ఎవడో ఒకడికి చిత్తూరులోనో పుంగనూరులోనో మోకాలు మొరాయిస్తుంది. ఒంట్లో సత్తువ లేనివాణ్ని పౌరుషానికి పోయి తీసుకెళ్లడం మంచి గుంపు లక్షణం కాదు. వాణ్ని బస్సెక్కించాలి. ఇక్కడే చిక్కు. ఒకప్పుడు పల్లె బస్సుల మీద కారియరుండేది, వెనక నిచ్చెనుండేది. సైకిలే కాదు, మేకపిల్లలూ కొబ్బరి బుట్టలూ పోయేవి. ఇప్పటి బస్సుల్లో సైకిలు ఎక్కించడం కండక్టరు దయ మీద ఆధారపడి ఉంది. దయగలవాళ్లే ఎక్కువమంది, నిజమే. చక్రాలు విప్పి మడిచిన సైకిలుకు లగేజీ టికెట్టు కొట్టి ఎక్కించుకోవచ్చని డిపోల్లో ఒక కాగితం అంటిస్తే, అర్ధరాత్రి ఆ దయ కోసం బతిమాలే పని ఉండదు.

సైకిల్ ట్రాకులు వేయించమని అడగడం లేదు. ఊళ్లో రంగు పూసిన ట్రాకు ఆర్నెల్లలో మోటారు సైకిళ్ల స్టాండు అవుతుంది, ఎక్కడ చూసినా అదే కథ. జూన్ 3న ప్రపంచ సైకిల్ దినోత్సవానికి టోపీలు పంచి, జెండా ఊపి, రెండు కిలోమీటర్లు తొక్కే ర్యాలీలూ వద్దు. ఆ పూట పోలీసులు రోడ్డంతా ఖాళీ చేస్తారు గనక అందులో పాల్గొన్న అధికారికి సైకిలువాడి సంగతి బొత్తిగా తెలియకుండా పోతుంది. ఉన్న మార్జిన్‌ను ఊడ్పించండి. పెద్ద రోడ్ల నిర్వహణ చూసే సంస్థలు మీ కమిటీ సమావేశానికి వస్తాయి కదా, వారానికొకసారి అంచు కూడా ఊడ్వమని అక్కడ రాయించండి. ఊళ్ల ముందు అడ్డంగా వేసే రంబుల్ స్ట్రిప్పులను అంచు నుంచి అంచు దాకా కాకుండా ఎడమ చివర అర మీటరు సందు వదిలి వేయించండి. గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో చీకట్లో వాటి మీదికొస్తే హ్యాండిలు చేతిలో నిలవదు. పాల క్యాన్లున్నవాడికి మూత ఊడుతుంది. ఆ సందులోంచి మోటారు బైకులు దూరవా అంటారు. దూరతాయి. అంత సందులో దూరాలన్నా వాడు వేగం తగ్గించాల్సిందే, మీక్కావాల్సిందీ అదే.

ఇప్పుడే ఈ మాటలు ఎందుకంటే, బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ రహదారి చిత్తూరు జిల్లా మీదుగా వస్తోంది. మొత్తం 262 కిలోమీటర్లలో కొంత భాగం మనది. అలాంటి రోడ్ల మీదికి సైకిళ్లను రానివ్వరు, రానివ్వకపోవడమే మంచిది. పెద్ద లారీలు అటు మళ్లితే పలమనేరు, చిత్తూరు పాత రోడ్డు కాస్త తేలికపడుతుంది. తేలికపడగానే మిగిలినవాళ్లు వేగం పెంచుతారు. ఆ లోపలే అంచు సంగతి, ఘాటు మలుపుల్లో కంకర సంగతి తేల్చుకుంటే తర్వాత పాత ప్రమాదాల చోటే కొత్త బోర్డులు పాతే పని తగ్గుతుంది.

ఒక మనవి. ఏదైనా ఒక ఆదివారం మీ రెండు జిల్లాల నుంచి చెరొక ఇంజనీరునూ, వీలైతే చెరొక ట్రాఫిక్ ఎస్సైనీ పంపండి. దామలచెరువు దగ్గర కలుస్తాం. అక్కణ్నుంచి పూతలపట్టు మీదుగా చిత్తూరు దాకా మార్జిన్ వదలకుండా తొక్కుదాం. వాళ్లను వరస మధ్యలో పెట్టుకుంటాం, చివర మాస్టారుంటాడు. తెల్లవారి అయిదు గంటలకు బయల్దేరితే ఎండెక్కేలోగా అయిపోతుంది. పుస్తకమూ పెన్నూ వాళ్లు తెచ్చుకోవాలి. సైకిళ్లు, స్పేరు ట్యూబులు, చిత్తూరులో టిఫిను మావి. సీట్లు సరిచేసి పెట్టుకోవడానికి మనుషుల ఎత్తు, హెల్మెట్ల కోసం తల కొలతలు రెండు రోజుల ముందు తెలియజేయమని చెప్పండి.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక సైకిలు మనిషి, తన గుంపు తరఫున